ఎనిమిది మీసాలు

పెన్నలో వాలుగ చేప కంటబడటం అరుదై పన్నెండేళ్లయింది. ఒకప్పుడు వరద తగ్గి నీళ్లు తేటపడే రోజుల్లో మనిషి కాలంత వాలుగ వలలో పడేదని, దాని నోట్లో చెయ్యి పెడితే మణికట్టు దాకా పోయేదని ఏటి పక్క ఊళ్ల పెద్దవాళ్లు చెప్పుకుంటారు. ఇసుక లారీలు ఏట్లోకి దిగాక ఒకటి రెండు తప్ప లోతు మడుగులు పోయాయి. మడుగులతో పాటు వాలుగ పోయింది.

ఆ వాలుగను మళ్లీ పుట్టించి ఏట్లో వదలడం శిరీన్ ఉద్యోగం. బద్వేలుకు పది కిలోమీటర్ల దూరంలో, సగిలేరులో కలిసే ఒక కాలువ పక్కన భూపేష్ నడిపే చేపపిల్లల కేంద్రం ఉంది. చెరువుల్లో వేసుకోవడానికి రైతులు అక్కడ బొచ్చె, శీలావతి పిల్లలు కొనుక్కుపోతారు. మూడేళ్ల కింద దేశవాళీ చేపలను కాపాడే పథకమొకటి వస్తే భూపేష్ అది కూడా తెచ్చుకున్నాడు. పథకం కింద గేటు దగ్గర ఒక బోర్డు, వెనకవైపు నాలుగు సిమెంటు తొట్లు వచ్చాయి, వాటిని చూసుకోవడానికి శిరీన్ వచ్చింది. బోర్డు అందరికీ కనిపించేది. తొట్ల దగ్గరికి శిరీన్, వాచ్‌మన్ గిడ్డయ్య తప్ప ఎవరూ వచ్చేవారు కాదు.

శిరీన్‌ది కమలాపురం పక్కన చిన్న ఊరు. తండ్రి బండ్లకు పంచర్లు వేస్తాడు, తల్లి బట్టలు కుడుతుంది. ఊరి బడిలో చదివి, చేపల పెంపకంలో డిప్లొమా చేసింది. మాట తక్కువ. తొట్టి గోడ మీద మోచేతులానించి గంటలు గంటలు నీళ్లలోకి చూస్తూ నిలబడగలదు.

"ఏం పాపా, చేపలు నీకేమన్నా కతలు చెప్తాండాయా?" అని గిడ్డయ్య ఎగతాళి చేసేవాడు.

"ఇంగా మొదలు పెట్టలేదు మామా. మొదలు పెడితే నిన్నూ పిలుస్తాలే," అనేది.

వాలుగ తొట్లో తనంతట తాను గుడ్లు పెట్టదు. దానికి ఏట్లో కొత్తనీళ్లు రావాలి, ఎదురీదాలి. అవేవీ లేని చోట ఇంజక్షన్ ఇచ్చి దాని ఒంటిని నమ్మించాలి. సూది వేసిన పది పన్నెండు గంటలకు పొట్ట నిమిరితే గుడ్లు పళ్లెంలోకి జారతాయి. మగచేప నుంచి తీసిన పాలలాంటి వీర్యాన్ని వాటి మీద పోసి, కోడి ఈకతో మెల్లగా కలపాలి. గట్టిగా కలిపితే గుడ్లు చితుకుతాయి, ఆలస్యమైతే పనికిరావు. మొదటి ఏడు గుడ్లన్నీ బూజు పట్టి దూదిలా తెల్లబడ్డాయి. రెండో ఏడు పిల్లలు పుట్టాయి, కానీ మూడో రోజు నుంచే ఒకదాన్నొకటి తోక వైపు నుంచి మింగడం మొదలుపెట్టాయి. గొంతులో ఇరుక్కున్న తమ్ముడితో సహా చచ్చి తేలే పిల్లలను శిరీన్ వలగరిటెతో తోడి పారబోసింది. ఏ పూటకా పూట పెద్దవాటిని, చిన్నవాటిని వేరు చేయాలని అప్పుడు నేర్చుకుంది. నేర్చుకునేసరికి పిల్లలు అయిపోయాయి. ఆ తర్వాతి ఎండాకాలం కరెంటు పోయి గాలి మోటారు ఆగిన ఒక మధ్యాహ్నం తల్లిచేప కూడా చచ్చిపోయింది.

మూడో ఏడు రెండు మగచేపలు మిగిలాయి గానీ ఆడ వాలుగే దొరకలేదు. చివరికి జూన్ నెలలో ఏసన్న అనే చేపలు పట్టే ముసలాయన పెన్నలో మిగిలిన ఒక మడుగులో దాన్ని పట్టి, తడిపిన గోనెపట్టాలో చుట్టి మోపెడ్ మీద తెచ్చి ఇచ్చాడు. తొమ్మిది కిలోలు. పొట్ట అప్పుడప్పుడే నిండుతోంది.

"ఇంతకంటే ఇంగ నాతో కాదు. ఆ మడుగులో ఇంగోటి ల్యా. బాగ చూసుకో తల్లీ," అని చెప్పిపోయాడు.

శిరీన్ దాన్ని మిగతా చేపలతో కలపకుండా ఒక్కదాన్నే ఒక తొట్లో ఉంచింది. గుర్తు కోసం రావలసిన ప్లాస్టిక్ బిళ్లలు రాలేదు. అందుకని తల్లి కుట్టుపెట్టెలోని ఎర్రదారం తెచ్చి, వీపు మీది చిన్న రెక్కకు సూదితో గుచ్చి ముడి వేసింది. బతికిన చిన్నచేపలే మేతగా వేయమని, ఎవ్వరూ ఆ తొట్లో చెయ్యి పెట్టకూడదని గిడ్డయ్యకు చెప్పింది. గిడ్డయ్య తలూపాడు. నెలరోజులు ఆ చేపను కంటికి రెప్పలా కాచాడు. కొంగలు వాలితే రాళ్లేసి తోలాడు. భూపేష్ కొడుకు గాలం పట్టుకుని వస్తే కేకలేసి పంపించాడు.

జూలై పద్దెనిమిదిన సూది వేయాలని శిరీన్ నిర్ణయించుకుంది. ఆ పొద్దున్నే మందు సీసాల కోసం కడపకు పోయింది. ఐసు డబ్బా చంకలో పెట్టుకుని బస్సు దిగి, కాలువ గట్టు మీద నడిచి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. గేటు లోపల మూడు కార్లున్నాయి. పథకం ఎట్లా నడుస్తోందో చూడడానికి పై ఆఫీసు నుంచి పెద్దసారు వస్తాడని భూపేష్ ఎప్పటి నుంచో అంటున్నాడు. ఈ రోజే వస్తాడని మాత్రం చెప్పలేదు.

స్టోరు గది వెనక షంషాద్ బీ పెనం ముందు కూర్చుని ఉంది. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే వంటకు ఆమెనే పిలుస్తారు.

"వచ్చినావా పిల్లా. పులుసు పోయింది లోపలికి. ఈ గుడ్లు ఏగినంక నువ్వే తీస్కపోయి పెట్టు, నా మోకాళ్లు పట్టుకున్యాయి," అంది.

పెనం మీద పసుపు, కారం పట్టించిన చేపగుడ్ల ముద్దలు వేగుతున్నాయి. అరచేతి వెడల్పున ఉన్నాయి. గింజ గింజా విడివిడిగా తెలుస్తూ చిటపటమంటున్నాయి.

"ఈ గుడ్లు యాడివి ఖాలా?"

"చేపవి. యాడివంటే ఏం చెప్పేది. ఇంతింత తిత్తులు రెండు. ఈ వయసుకు నేను ఒక్క చేపలో ఇన్ని గుడ్లు చూడల్యా."

శిరీన్ చేపలు కోసే బండ దగ్గరికి పోయింది. ఈగలు లేచి మళ్లీ వాలాయి. సత్తు గిన్నెలో తల పక్కకు ఒరిగి ఉంది. పెద్ద నోరు తెరుచుకునే ఉంది. నోటి పక్క పొడుగు మీసాలు రెండు, గదమ కింద పొట్టివి రెండు, రక్తంలో తడిసి గిన్నెకు అతుక్కున్నాయి. బండ కింద పేగులు, తీసేసిన రెక్కలు. ఒక రెక్కకు ఎర్రదారం ఉంది. రెండు చుట్లు తిప్పి వేసిన ముడి, తను వేసిందే.

గిడ్డయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ముఖంలో సంతోషం ఉంది.

"చూస్తివా పాపా, ఒక్క ముక్క చెడిపోకుండా కోసినా. నెల దినాలు మేపిన మేత ఊరికే పోలేదు."

"ముట్టద్దని చెప్పినా కదా మామా."

"యాడ ముట్టినాం? ఈ పొద్దు దాంక దేవునికి ఇడిసినట్ల ఇడిసినాం కదా. దారం కట్టినావు, ఏరేగా పెట్టినావు, మంచి మేత ఏయమన్యావు. కందూరు పొట్టేల్ని మనం ఇట్లనే కదా చూసుకునేది. పెద్దోళ్లు వస్తాండారు, మంచి చేప కోయమని భూపేషన్న ఫోన్ చేస్య. ఇంగ దీన్ని కాకుంటే దేన్ని కోస్తా నేను?"

దర్గాకు మొక్కుకున్న పొట్టేలును ఆ ప్రాంతంలో తురకలైనా హిందువులైనా అట్లాగే పెంచుతారు. మెడకు దారం కడతారు, మందలో కలపరు, ఎవరూ అదిలించరు, ఇంట్లో పిల్లలకంటే దానికే ముందు మేత పడుతుంది. మొక్కు తీరే రోజున కోసి వచ్చినవాళ్లందరికీ పెడతారు. అదే కందూరు. గిడ్డయ్య ఏడాది కింద అట్లా ఒక పొట్టేలును మేపాడు. శిరీన్ ఇంట్లోనూ చిన్నప్పుడు ఒకటి ఉండేది. ఆ అలవాటు తెలిసి కూడా తను దారం కట్టింది. అది ఏ దారమో, ఎందుకో ఈ మనిషికి ఒక్క మాట విప్పి చెప్పలేదు. 'దీని కడుపులో ఉండేవి లక్ష పిల్లలు మామా' అని ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పనిది తనే.

గిడ్డయ్యకు ఇప్పుడు చెప్పింది. ఆయన బండ మీద చతికిలబడ్డాడు. సత్తు గిన్నెలోని తల వైపు చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

రేకుల షెడ్డు కింద బల్ల వేసి ఉంది. పెద్దసారు, ఆయన వెంట వచ్చిన ఇద్దరు, భూపేష్ తింటున్నారు. శిరీన్ ఐసు డబ్బా చంకలో పెట్టుకునే అక్కడికి పోయి నిలబడింది.

"రామ్మా చెల్లెమ్మా," అన్నాడు భూపేష్. ఆయన అందరితో అట్లాగే నవ్వుతూ మాట్లాడతాడు. రంజాన్‌కు శిరీన్ ఇంటికి సేమ్యా పొట్లాలు పంపిస్తాడు. "సార్, మన వాలుగ పనంతా చూసేది ఈ అమ్మాయే. గుడ్లు ఏగినాయా అమ్మా?"

"అన్నా, మీరు తింటాండేది ఆ వాలుగనే. ఈ సాయంత్రం నేను సూది వేయాల్సిన ఆడచేప."

పెద్దసారు తన పళ్లెంలోకి చూసుకున్నాడు. వేళ్ల మధ్య ముల్లు ఉంది. దాన్ని నాలుకతో చీకి పళ్లెం అంచున పెట్టాడు.

"అదా సంగతి," అన్నాడు. ఆయనది కోస్తా వైపు. "చెరువు చేపకు ఈ రుచి రాదే అని నేను అప్పట్నించీ అనుకుంటూనే ఉన్నాను. చిన్నప్పుడు మా మేనమామ గారింట్లో తిన్నాను వాలుగ. మళ్లీ ఇన్నాళ్లకు."

వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు ముందు నవ్వాడు, తర్వాత రెండోవాడు. భూపేష్ తల కొట్టుకున్నట్టు నటించి, "మా గిడ్డయ్య అంతే సార్, మంచిదంటే మంచిదే కోస్తాడు," అన్నాడు. అందరూ గట్టిగా నవ్వారు.

"దానికి జన ఉండుండాలే ఈ రోజుల్లో?" అన్నాడు పెద్దసారు.

జన అంటే చేపగుడ్లని శిరీన్‌కు తెలుసు. షంషాద్ బీ మోకాళ్లు పట్టుకుంటూ తనే పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దసారు ఒక ముద్ద తుంచి నోట్లో వేసుకున్నాడు. పళ్ల కింద గుడ్లు పటపటమనడం శిరీన్‌కు వినిపించింది. నిజంగా వినిపించిందో, అనుకుందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా తేల్చుకోలేకపోయింది. పెదవుల పక్కన అంటుకున్న పసుపు గింజలను ఆయన నాలుక బయటికి వచ్చి ఒక్కొక్కటే ఏరుకుంది. అది మాత్రం నిజంగా చూసింది.

"ఆగస్టు ఆఖర్న పెన్నలో వదిలే కార్యక్రమం పెట్టుకున్నాం. పైకి రాసి పంపేశాం. పిల్లలు ఉంటాయిగా?" అని పెద్దసారు భూపేష్‌ను అడిగాడు.

"ఎందుకుండవు సార్. నేనుండాను కదా."

శిరీన్ అక్కడి నుంచి వచ్చేసి, మందు సీసాల ఐసు డబ్బాను స్టోరులో పెట్టింది.

తర్వాత ఐదు వారాలు ఆమె ఏసన్న వెంట పడింది. ఆయన వల తీసుకుని పెన్నలో, సగిలేట్లో తిరిగాడు. ఏమీ పడలేదు. రెండు మగ వాలుగలు మాత్రం తొట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతూ ఉండేవి. పిల్లలు లేవు, కార్యక్రమం మానుకోమని పైకి రాయండి అని భూపేష్‌కు మూడుసార్లు చెప్పింది. "చూద్దాంలే చెల్లెమ్మా," అనేవాడు.

కార్యక్రమానికి ముందురోజు మూడు గంటలప్పుడు ఒక వ్యాను వచ్చింది. నీళ్లు, గాలి నింపి మూతికట్టిన ప్లాస్టిక్ సంచులు దింపి, శిరీన్ తొట్లలో ఒకదాంట్లో కుమ్మరించి పోయారు. డ్రైవరు పోతూ పోతూ ఒక బకెట్టు కింద పెట్టాడు. "మేత. రాత్రికి ఇదెయ్యండి," అన్నాడు. బకెట్టులో కోళ్ల పేగులు, కాళ్లు, ఈకలతో సహా ఉన్నాయి. మూత తీయగానే గిడ్డయ్య ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

తొట్టి నల్లగా కదులుతోంది. వేలెడు పొడుగు పిల్లలు, వేలకు వేలు. శిరీన్ వలగరిటెతో ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. చూడ్డానికి వాలుగ పిల్లలాగే ఉంది. నున్నటి ఒళ్లు, పొలుసు లేదు, మీసాలున్నాయి. మీసాలు లెక్కపెట్టింది. వాలుగకు నాలుగే. దీనికి ఎనిమిది. వాలుగకు వీపు మీది రెక్క చిటికెన వేలి గోరంత. దీనికి మెడ దగ్గర్నుంచి తోక దాకా ఉంది. ఇంకోదాన్ని తీసింది. ఎనిమిది. పదోదానికీ ఎనిమిదే.

అది ఆఫ్రికా క్యాట్‌ఫిష్. పెంచకూడదని నిషేధం ఉన్న చేప. అయినా ఎక్కడెక్కడో మురుగు గుంటల్లో కోళ్ల చెత్త వేసి పెంచి దొంగతనంగా అమ్ముతారు. నీళ్లు లేకపోయినా గాలి పీల్చుకుని బతుకుతుంది. తడి నేల మీద పాక్కుంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోతుంది. నోటికందిన ప్రతి చేపనూ, ప్రతి గుడ్డునూ తింటుంది. ఇవి ఒకసారి పెన్నలో పడితే ఆ ఏట్లో మిగిలిన పరకలు, జెల్లలు, ఎక్కడైనా ఒకటో రెండో వాలుగలు దాక్కుని ఉంటే అవీ పోతాయి. తర్వాత ఎవరు ఎన్ని కేంద్రాలు పెట్టినా, ఎన్ని పిల్లలను పుట్టించినా వీటికి మేత వేసినట్టే.

సాయంత్రం భూపేష్ వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఇదో, వదిలేవి వాలుగ పిల్లలే అని సాంకేతిక సహాయకురాలు రాసియ్యాలంట. ఒక సంతకం పడేయి."

"ఇవి వాలుగలు కాదన్నా. మీసాలు లెక్కబెట్టినా. ఎనిమిదుండాయి."

భూపేష్ ఆమెను ఎగాదిగా చూసి నవ్వాడు. "మీసాలు ఎవురు లెక్కబెడ్తారు చెల్లెమ్మా? ఫొటోలో నా మీసాలే సరిగ్గా పడవు."

"ఇవి ఏట్లో పడితే ఉండేవి గూడ పోతాయి."

"ఏట్లో ఇప్పుడేముండాదని పోయేదానికి? నువ్వే కదా ఐదు వారాలు తిరిగి ఏమీ ల్యా అన్యావు. ఏదో ఒక చేప. జనం పట్టుకుని తింటారు. రేప్పొద్దున పదిగంటలకల్లా సంచులు కట్టాల. సంతకం పొద్దున పెడుదువులే." కాగితం బల్ల మీద పెట్టి, ఎగరకుండా దాని మీద ఒక రాయి పెట్టి పోయాడు.

శిరీన్ పెద్దసారుకు ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"చూడమ్మాయ్, నువ్వు చిన్నదానివి. పేపర్లో చూపించేది చేపపిల్లలు వదిలారని. వాటి కులగోత్రాలు ఎవడికి కావాలి? ఆ రోజు నీ చేప తిన్నామని కోపం పెట్టుకున్నట్టున్నావ్," అని నవ్వాడు. "ఇంకో వాలుగ దొరికితే చెప్పు. ఈసారి అడిగే తింటాం."

ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు చెవి తుడుచుకుంటూ ఉండిపోయింది.

తెల్లవారి ఐదున్నరకు ఆమె వచ్చేసరికి గిడ్డయ్య గేటు దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. శిరీన్ నేరుగా తొట్టి దగ్గరికి పోయింది. అడుగున గొట్టం లాగితే నీళ్లూ పిల్లలూ బయటికి పోతాయి. కానీ ఆ గొట్టం కాలువలోకి, కాలువ సగిలేట్లోకి, సగిలేరు పెన్నలోకి పోతుంది. తొట్లో నీళ్లు తీసేసి ఎండబెడదామంటే ఇవి చావవు, గోడలెక్కి పాక్కుంటూ పోతాయి. రాత్రంతా ఆలోచించి ఆమె ఒక్క దారే చూసుకుంది. స్టోరులోకి పోయి, తొట్లు కడగడానికి ఉంచిన బ్లీచింగ్ పౌడర్ బస్తాను ఈడ్చుకుని వచ్చింది.

గిడ్డయ్య నోట్లో వేపపుల్లతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏం జేస్తాండావు పాపా?"

"గొట్టం మూతికి గుడ్డ కుక్కి మట్టి పెట్టు మామా. ఒక్క చుక్క కాలువలో పడగూడదు."

"పసిపిల్లలు గదమ్మా ఇవి. వేలుండాయి. నువ్వు పుట్టించేదానివి, నువ్వే..."

"నువ్వు మట్టి పెట్టకుంటే నేనే పెట్టుకుంటా."

గిడ్డయ్య ఆమె ముఖం చూశాడు. వేపపుల్ల ఊసేసి, మట్టి తేవడానికి పోయాడు.

బస్తా విప్పగానే కళ్లు మండాయి. ముక్కుకు చున్నీ కట్టుకుని, బకెట్లలో కలిపి తొట్టి నాలుగు వైపుల నుంచీ పోసింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత నీళ్లు ఉడికినట్టు కదిలాయి. పిల్లలన్నీ ఒక్కసారి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ గోడ అంచుల దాకా వచ్చాయి. కొన్ని అంచు దాటి కింద పడి, రెక్కలు నేలకు ఆనించి కాలువ వైపు పాకసాగాయి. కాలువ ఎటుందో వాటికి ఎవరు చెప్పారో తెలియదు. శిరీన్, గిడ్డయ్య వంగి వాటిని చేతులతో ఏరి మళ్లీ తొట్లో వేశారు. జిగటగా, చల్లగా, వేళ్ల మధ్య నుంచి జారుతూ అరచేతిలో మీసాలు ఆడించేవి. గిడ్డయ్య రెండుసార్లు పక్కకు పోయి ఊసి వచ్చాడు. శిరీన్‌కు తన చేతులంటేనే రోత పుట్టింది. అయినా ఏరడం ఆపలేదు.

నీళ్లు కదలడం మానేయడానికి గంటకు పైగా పట్టింది. పొట్టలు పైకి తిరిగి తొట్టి నిండా తెల్లటి పొర కట్టింది.

ఎనిమిదింటికి భూపేష్ వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ నలగలేదు. తొట్టి దగ్గర నిలబడి చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. అరుస్తాడని గిడ్డయ్య దూరంగా పోయి నిలబడ్డాడు. భూపేష్ అరవలేదు. కాసేపు ఆలోచించి, ఫోన్ తీసి పనివాళ్లను పిలిచాడు.

"ముందువైపు తొట్లో ఉండే శీలావతి పిల్లల్ని కట్టండి. ఆ, వేలెడువే. బ్యానర్ మార్చే పన్ల్యా, అదే ఉంచండి. తొందరగా."

తర్వాత శిరీన్ వైపు తిరిగాడు. ఈసారి చెల్లెమ్మా అనలేదు.

"రేపట్నించి రావద్దు. ఆ కాగితం మీద సంతకం పెట్టిపో."

శిరీన్ చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి పోయింది. రాయి తీసింది. అచ్చువేసి ఉన్న 'వాలుగ' అన్న మాటను కొట్టేసి, దాని పైన 'శీలావతి' అని రాసి, కింద సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చింది. భూపేష్ దాన్ని చదివాడు. మడిచి పై జేబులో పెట్టుకున్నాడు.

"దీన్ని ఎవురు చదవతారని?" అన్నాడు. ఎగతాళి చేసినట్టు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

శీలావతి పిల్లల సంచులతో వ్యాను పది గంటలకు పోయింది. శీలావతి పెన్నలో ముందు నుంచీ ఉన్నదే, ఎవరినీ మింగదు. గిడ్డయ్య ఆ మాటే అని ఆమెకు ధైర్యం చెప్పబోయాడు. శిరీన్ పార వెతకడానికి పోయింది.

కాలువకు దూరంగా, కంపచెట్ల అవతల ఇద్దరూ నడుంలోతు గుంత తవ్వారు. ఎండ ముదిరేకొద్దీ తొట్టి నుంచి వచ్చే వాసన మారిపోయింది. మందు ఘాటు కింద కుళ్లు మొదలైంది. తట్టలతో మోసి గుంతలో పోశారు. పదిహేడు తట్టలయ్యాయి. కోళ్ల పేగుల బకెట్టు కూడా అందులోనే బోర్లించింది శిరీన్.

"ఆ మగ చేపలు రెండు ఉండాయి కదా పాపా. వాటినేం జేయమంటావు?" అన్నాడు గిడ్డయ్య పార ఆనించి.

"వాటికి దారం కట్టొద్దు మామా. మేత ఏస్తా ఉండు. ఎవరన్నా మంచి చేప కోయమని ఫోన్ చేస్తే బొచ్చెను కోయి."

"కోస్తా. నా చేత్తో వాటిని మాత్రం కోయను." ఆయన గుంతలోకి చూశాడు. "ఆ పొద్దు ఒక్క మాట నాకు ఇడమర్చి చెప్పుంటే బాగుండు తల్లీ."

"చెప్పాల్సింది మామా."

గిడ్డయ్య మట్టి లాగడం మొదలుపెట్టాడు. అప్పుడు కుప్ప పక్కన ఏదో కదిలింది. తెల్లటి పొట్టల మధ్య నుంచి ఒక పిల్ల బయటపడి, రెక్కల మీద లేచి, నోరు తెరిచి గాలి మింగింది. మందూ చంపలేదు, ఎండా చంపలేదు. గుంత అంచు నుంచి జారిపడ్డ మట్టి మీదుగా ఎక్కి, పైకి వచ్చి, కంపచెట్ల నీడ వైపు, ఆ నీడకు అవతల తడి ఉన్న వైపు పాకుతోంది. జానెడు పాకి ఆగుతుంది. మళ్లీ పాకుతుంది.

మూడేళ్లలో శిరీన్ ఇట్లా తొట్టి బయట పడిన బొచ్చె, శీలావతి పిల్లలను ఎన్నిటినో రెండు అరచేతుల మధ్య పట్టి నీళ్లలో వదిలింది. వంగబోయి ఆగింది. చెప్పు దాని మీద పెట్టి, ఒంటి బరువంతా మోపి నిలబడింది. కింద మెత్తగా ఒకసారి కదిలింది, మళ్లీ కదల్లేదు. ఆమె ఇంకాసేపు అట్లాగే నిలబడి, తర్వాత ఆ పిల్లనూ, చెప్పునూ గుంతలోకి విదిల్చి, ఒట్టికాలితోనే గిడ్డయ్య చేతిలోని పార అందుకుంది.